1992 అంబాసిడర్‌ని గుంటూరు నుంచి హ్యూస్టన్ పంపాలి, డ్యూటీ అసలు ఎంత పడుద్ది?

బ్రాడీపేట_నాలుగో_లైను:

నమస్కారం అండి అందరికీ. మా నాన్నగారిది 1992 అంబాసిడర్, డీజిల్, ఏపీ 7 నంబరు, ఇప్పటికీ రన్నింగ్‌లోనే ఉంది. మేం ఉండే పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాం, ఉగాది అయ్యాక పడగొడతారు, కొత్త ఫ్లాట్‌కి ఒక్క పార్కింగే ఇస్తున్నారు, అందులో రోజూ వాడే బండి పెట్టుకోవాలి. తుక్కు కొనేవాళ్లు వచ్చి రేటు చెప్పి వెళ్లారు, అది విన్నాక నాన్న ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఎంత బాధగా ఉందో మాకు తెలుస్తానే ఉంది. మిర్చి సీజన్‌లో యార్డుకి ఆ బండే, మా పరీక్షలకి ఆ బండే, అక్క పెళ్లికి పెళ్లికూతురి కారూ అదే. హ్యూస్టన్‌లో ఉన్న అన్నయ్య నేను తెప్పించుకుంటాను, ఇక్కడ గరాజ్‌లో చోటుంది అంటున్నాడు.

డ్యూటీ గురించి ఎవర్ని అడిగినా ఒక్కో నంబర్ చెప్తున్నారు. అన్నయ్య ఫ్రెండ్ 2.5 శాతమే అన్నాడంట, మా బావగారేమో ఇప్పుడు అమెరికాలో కార్లకి 25 అన్నారు, ఇంకొకాయన ఇండియా నుంచి ఏం పోయినా 50 అంటున్నాడు. ఏది నమ్మాలి? పైగా ఇది కొన్నది కాదు కదా, తండ్రి కొడుక్కి ఇస్తున్నాడు, గిఫ్ట్ అని రాస్తే డ్యూటీ ఉండదా? ఉంటే ఏ విలువ మీద వేస్తారు? కుడివైపు స్టీరింగ్‌తో అక్కడ తిప్పనిస్తారా? బండి కండిషన్ మాత్రం ఢోకా లేదు, ఎప్పుడో విజయవాడ ఆటోనగర్‌లో ఇసుజు ఇంజన్ కూడా వేయించాం. తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే వివరంగా చెప్పండి ప్లీజ్.

తెనాలి_టు_డాలస్:

మీరు విన్న మూడు నంబర్లూ గాల్లోంచి వచ్చినవి కాదండి, కాకపోతే మూడూ వేరే వేరే వాటివి. విడదీసి చెప్తాను.

2.5 శాతం అనేది అమెరికాలోకి వచ్చే ప్యాసింజర్ కార్లకి మామూలు కస్టమ్స్ డ్యూటీ. కొత్తదైనా పాతదైనా, అంబాసిడరైనా ఇంకోటైనా అంతే. 25 శాతం అనేది రెండు చోట్ల వినపడిద్ది, ఒకటి పికప్ ట్రక్కుల లాంటి వాటికి 1964 నుంచీ ఉన్న డ్యూటీ, అది మీకు సంబంధం లేదు. రెండోది 2025 ఏప్రిల్ 3 నుంచి కార్ల మీద అదనంగా పెట్టింది, మీ బావగారు చెప్పేది అదే అయ్యుండాలి. కానీ అందులో ఒక మినహాయింపు ఉంది, ఎంట్రీ (బండి వచ్చిందని అమెరికా కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్) ఫైల్ చేసే ఏడాదికి కనీసం 25 ఏళ్ల ముందు తయారైన బండికి ఆ అదనపు 25 పడదు. మీది 1992 కాబట్టి బయటపడ్డారు. ఇక 50 అనేది 2025 ఆగస్టు చివర్లో ఇండియా సరుకు మీద వేసిన టారిఫ్ నంబరు. ఈ దేశాల వారీ టారిఫ్‌లు మారుతూ ఉంటాయి, పేపర్లో చూసిన నంబర్ పట్టుకుని లెక్కేయొద్దు. మీ అన్నయ్య ఒక లైసెన్స్ ఉన్న కస్టమ్స్ బ్రోకర్‌ని పట్టుకుని, ఫలానా ఏడాది బండి, ఫలానా దేశంలో తయారైంది, ఎంట్రీ రోజుకి ఏయే కోడ్‌ల కింద ఏమేం పడతాయో మెయిల్‌లో రాసి పంపమనాలి. బండి ఓడ ఎక్కకముందే ఇది చేతిలో ఉండాలి.

గిఫ్ట్ అంటే డ్యూటీ పోదు. గిఫ్టులకి ఇచ్చే మినహాయింపు 100 డాలర్ల వరకే, కారుకి అది పనికిరాదు. డ్యూటీ కట్టాల్సింది ఇక్కడ ఇంపోర్టర్‌గా ఎవరి పేరుంటే వాళ్లు, అంటే మీ అన్నయ్య. డబ్బు చేతులు మారలేదు కాబట్టి బండి న్యాయమైన మార్కెట్ విలువ చూపించాలి. అక్కడ చార్టర్డ్ ఇంజనీర్ చేత వాల్యుయేషన్ రాయించండి, అదే కండిషన్‌లో ఉన్న అంబాసిడర్లు ఎంతకి పోతున్నాయో కొన్ని యాడ్‌లు కూడా ప్రింట్ తీసి పెట్టండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎవరన్నా ఏజెంట్ 'పాత బండే కదా, 200 డాలర్లు అని రాసేద్దాం' అంటే ఒప్పుకోవద్దు. మామూలు డ్యూటీ ఉన్నదే 2.5 శాతం, విలువ 4000 డాలర్లు అనుకుంటే 100 డాలర్లు, ఆ వంద కోసం తప్పుడు విలువ చూపిస్తే పెనాల్టీ పడొచ్చు, బండి పట్టుకోవచ్చు, మీ అన్నయ్య పేరు కస్టమ్స్ రికార్డులో అలా ఉండిపోద్ది. గ్రీన్ కార్డు మీదో వీసా మీదో ఉన్నవాళ్లకి అది అవసరమా.

డ్యూటీ కాకుండా ఇంకో రెండు చిన్నవి ఉంటాయి, మర్చండైజ్ ప్రాసెసింగ్ ఫీజు విలువలో 0.3464 శాతం, కాకపోతే దానికి కనీస ఫీజు 30 డాలర్ల పైన ఉంది కాబట్టి మీకు ఆ కనీసమే పడిద్ది, హార్బర్ ఫీజు 0.125 శాతం. అసలు ఖర్చు ఓడ ఫ్రైట్, బ్రోకర్ ఫీజు, బాండ్ (డ్యూటీ కడతామని కస్టమ్స్‌కి ఇచ్చే హామీ), పోర్టులో హ్యాండ్లింగ్. కస్టమ్స్ వాళ్లు కంటైనర్‌ని ఎక్స్‌రేకి పంపినా, విప్పి చూసినా ఆ చార్జీలు కూడా మనమే కట్టుకోవాలి.

డ్యూటీ కన్నా నాకు భయం వేసింది మీ ఆఖరి లైన్ చూసి. ఇసుజు ఇంజన్ అన్నారు కదా. ఇక్కడ పాత బండికి రెండు వేరే వేరే అనుమతులు. సేఫ్టీ రూల్స్ నుంచి మినహాయింపు తయారై 25 ఏళ్లు దాటితే వస్తది, హెచ్‌ఎస్-7 అనే ఫామ్‌లో మొదటి బాక్స్ టిక్ చేస్తారు. పొల్యూషన్ రూల్స్ నుంచి మినహాయింపు 21 ఏళ్లు దాటితే వస్తది, దానికి 3520-1 ఫామ్, కోడ్ ఈ. రెండో దాంట్లోనే మెలిక ఉంది, బండి ఒరిజినల్‌గా ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఇంజన్ మార్చి ఉంటే, మార్చింది అమెరికా పర్యావరణ సంస్థ సర్టిఫై చేసిన ఇంజన్, ఒరిజినల్‌కి సమానమైనదో కొత్తదో అయితే తప్ప మినహాయింపు రాదు. మన అంబాసిడర్‌లో వేసే ఇసుజుకి ఆ సర్టిఫికెట్ ఉండదు. 100 డాలర్ల డ్యూటీ గురించి మీరు ఆలోచిస్తున్నారు, బండి మొత్తం పోర్టులో ఆగిపోయేది దీని దగ్గర.

బ్రాడీపేట_నాలుగో_లైను:

తెనాలి అన్నగారూ, చాలా చాలా థాంక్స్ అండి, ఇంజన్ సంగతి అసలు ఎవరూ చెప్పలేదు. నాన్నని అడిగాను. పాత ఇంజన్ అమ్మలేదంట, మా మావయ్య వాళ్ల పత్తి గోడౌన్‌లో గోతం కప్పి పెట్టించారంట ఆ రోజుల్లోనే. ఆర్‌సీలో ఇసుజు ఇంజన్ నంబర్ ఎక్కించారు. మరి పాతది మళ్లీ వేయిస్తే సరిపోద్దా?

పటమట_డీజిల్_షెడ్:

ఒరిజినల్ ఇంజన్ దాచారంటే మీ నాన్నగారికి దండం పెట్టాలి. ఇసుజు వేయించుకున్న వాళ్లలో పాత ఇంజన్ ఉంచుకున్నవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ, అప్పుడే ఆటోనగర్‌లో తూకానికి ఇచ్చేసేవాళ్లు.

వేయొచ్చు బాబూ, కాకపోతే ఇంజన్ ఒక్కటే దించి ఎక్కించే పని కాదు. ఇసుజు వేసేటప్పుడు మామూలుగా గేర్‌బాక్స్ కూడా దానిదే వేస్తారు, మౌంటింగులు మారుస్తారు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి పొడుగు సరిచేస్తారు. పాత గేర్‌బాక్స్ కూడా మీ మావయ్యగారి గోడౌన్‌లో ఉందేమో చూడండి, లేకపోతే ఆటోనగర్‌లో వెతకాలి, దొరుకుద్ది కానీ టైం పట్టుద్ది. ఇన్నేళ్లు తిరగకుండా ఉన్న ఇంజన్ని పెట్టేసి సెల్ఫ్ కొట్టొద్దు. ముందు సిలిండర్లలో కొంచెం నూనె పోసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేత్తో క్రాంక్ తిరుగుతుందో లేదో చూడాలి. పంపు, ఇంజెక్టర్లు విప్పి సర్వీస్ చేయించాలి, రబ్బరు సీళ్లన్నీ మార్చాలి. బ్లాక్ మీద కొట్టిన నంబరు అసలు ఆర్‌సీలో, ఇన్‌వాయిస్‌లో ఉన్న నంబరూ ఒకటేనో కాదో అన్నిటికన్నా ముందు చూసుకోండి, తుడిచి ఫోటో తీసి పెట్టుకోండి. ఛాసిస్ నంబర్ ప్లేట్ కూడా తుప్పు పట్టి చదవరాకుండా ఉంటే మెల్లగా శుభ్రం చేయించండి, గ్రైండర్ మాత్రం తగలనివ్వొద్దు, గీత పడిందంటే ఎవరికైనా అనుమానం వస్తది.

ఫ్లోర్ తుప్పు, డోర్ల కింద తుప్పు ఉంటే ఇక్కడే కొట్టించండి. ఇక్కడ అంబాసిడర్ మీద పని చేసే చేతులు ఇంకా ఉన్నాయి, అక్కడ ఉండవు.

పోర్టు_పేపర్లు:

నేను విజయవాడ నుంచి చెన్నై పోర్టుకి ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చేస్తుంటాను, ఎక్కువ మిర్చి, పసుపు కానీ బండ్లు కూడా చేశాను. ఇండియా వైపు సంగతి నేను చెప్తాను.

ముందు ఆర్‌సీ. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి, మీది బతికుందో లేదో చూసుకోండి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. పాత ఇంజన్ వేయించాక దాని నంబరు మళ్లీ ఆర్‌సీలో ఎక్కించాలి, దీనికి ఆర్‌టీఓ ఆఫీసుకి బండి తీసుకెళ్లి చూపించాల్సి వస్తది. చలాన్లు కట్టేయండి, ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్స్ ఆర్‌సీలో ఇంకా కనపడుతుంటే తీయించండి, చాలా మంది దీన్ని ఆఖర్లో చూసుకుని నెలలు పోగొట్టుకుంటారు. ఆ తర్వాత ఎన్‌ఓసీ. ఇవి కాకుండా మీ నాన్నగారి నుంచి అన్నయ్యకి గిఫ్ట్ డీడ్ నోటరీ చేయించండి, అందులో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం రాయించండి.

తయారైన నెల ఎందుకంటే పైన తెనాలి గారు చెప్పిన 25 ఏళ్లకి రుజువు కావాలి కదా. అమెరికా బండ్లకి డోర్ దగ్గర లేబుల్ ఉంటది, మన పాత బండికి అలాంటిది ఉండదు. అలాంటప్పుడు మొదట అమ్మిన తేదీ ఉన్న ఇన్‌వాయిస్, లేదా కనీసం 25 ఏళ్ల కిందటే రిజిస్టర్ అయినట్టు చూపించే కాగితం ఒప్పుకుంటారు. మన ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం, రిజిస్టర్ అయిన తేదీ ఉంటాయి, 1992 నాటి ఇన్‌వాయిస్ బీరువాలో దొరికితే ఇంకా మంచిది.

సొంత వాడకానికి పంపే వస్తువుకి ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి వ్యాపారం చేసేవాళ్లు తీసుకునే నంబరు) అక్కర్లేదు, కానీ షిప్పింగ్ బిల్లు (మన కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి డిక్లరేషన్) వేయాలి. ఇక్కడ షిప్పింగ్ బిల్లులో చూపించే విలువ, అక్కడ మీ అన్నయ్య చూపించే విలువ ఒకటే ఉండాలి, తేడా వస్తే రెండు చోట్లా ప్రశ్నలే. ఓడ వాళ్లు బండిని డేంజరస్ గూడ్స్ కింద లెక్కేస్తారు, యూఎన్ 3166, కాబట్టి డీజిల్ దాదాపు ఖాళీ చేసి, బ్యాటరీ వైర్లు తీసేసి ఇవ్వాలి. కంటైనర్‌లో బండి కదలకుండా కొట్టే చెక్కలకి ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా ట్రీట్ చేశారని చూపించేది) ఉండాలి, ముద్ర లేని చెక్క కనపడితే అమెరికాలో సరుకు వెనక్కి పంపే అధికారం కూడా ఉంది వాళ్లకి. లోడింగ్‌కి 24 గంటల ముందే వివరాలు అమెరికా కస్టమ్స్‌కి ఫైల్ అవ్వాలి, దాన్ని ఐఎస్‌ఎఫ్ అంటారు, అది అన్నయ్య బ్రోకర్ పని, లేటైతే 5000 డాలర్ల దాకా పెనాల్టీ వేయొచ్చు. అంటే కారు విలువ కన్నా ఎక్కువ.

ఇంకోటి, బండి కింద మట్టి. అమెరికాలో విదేశీ మట్టి రానివ్వరు, పురుగులు, తెగుళ్లు వస్తాయని. యార్డుకి, పొలాలకి తిరిగిన బండి అంటున్నారు కాబట్టి మన నల్లమట్టి మడ్‌గార్డుల లోపల, ఛాసిస్ మూలల్లో గట్టిపడిపోయి ఉంటది, మామూలు వాటర్ సర్వీసింగ్‌కి రాదు. లిఫ్ట్ మీద పెట్టి స్టీమ్ కొట్టించండి. సీట్ల కింద, డిక్కీ మ్యాట్ కింద మిరప గింజలు కూడా లేకుండా చూడండి. డిక్కీ ఖాళీగా ఉంది కదా అని అమ్మగారు ఆవకాయ జాడీలు, కారం పెట్టకుండా చూసుకోండి, నిజంగా చెప్తున్నా, బండిలో వేరే సామాను ఉంటే అది విడిగా డిక్లేర్ చేయాలి, తినేవి ఉంటే మొత్తం కంటైనర్ తనిఖీకి పోద్ది. స్పేర్ పార్టులు పంపాలనుకుంటే విడిగా లిస్ట్ రాసి, విలువ రాసి పంపండి, వాటి డ్యూటీ వేరే.

బెంజిసర్కిల్_1:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది రివర్స్ కేస్. మా తమ్ముడు దుబాయ్ నుంచి విజయవాడ వచ్చేస్తున్నాడు, వాడికి 2014 ల్యాండ్ క్రూయిజర్ ఉంది, చాలా బాగా చూసుకున్నాడు. డ్యూటీ ఎంతైనా కడతాం అంటున్నాడు, తెచ్చుకోవచ్చా?

పోర్టు_పేపర్లు:

కుదరదండి, ఎంత కట్టినా కుదరదు. మన దేశంలోకి వచ్చే వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు. దుబాయ్ బండి అంటే ఎడమ స్టీరింగ్, ఇక్కడ కుడి స్టీరింగ్ ఉండాలి, అదొక అడ్డం. మూడేళ్ల లోపు ఉన్నదైనా సెకండ్ హ్యాండ్ అయితే ముంబై పోర్టులోనే దించాలి, అన్ని పన్నులూ కలిపితే బండి విలువ కన్నా పన్నే ఎక్కువ అయిద్ది. అక్కడే అమ్మేసి రమ్మనండి, పాత ల్యాండ్ క్రూయిజర్‌కి గల్ఫ్‌లో మంచి రేటు ఉంటది.

పాతవి అసలు రానివ్వరా అంటే, మరీ పాతవి రానిస్తారు. ఇంతకుముందు 1950కి ముందు తయారైనవే వింటేజ్ అని రానిచ్చేవాళ్లు, 2025లో దాన్ని 50 ఏళ్లు దాటినవి అని మార్చారు. మూడేళ్లకీ యాభై ఏళ్లకీ మధ్యలో ఉన్నవాటికి దారి లేదు. బ్రాడీపేట వాళ్లు కూడా ఇది చూసుకోండి, అన్నయ్య రేపు తిరిగి గుంటూరు వచ్చేసి బండి కూడా వెనక్కి తెస్తానంటే ఇదే గోడ అడ్డం వస్తది. మన దేశంలో తయారైన వస్తువు వెనక్కి తెచ్చుకోడానికి డ్యూటీ మినహాయింపు ఉంది, మామూలుగా మూడేళ్ల గడువు, అది కూడా ఎక్స్‌పోర్ట్ కాగితాలన్నీ ఉంటేనే. షిప్పింగ్ బిల్లు కాపీ పారేయొద్దు. పంపడం అంటే ఇంక అక్కడే ఉండిపోద్ది అనుకునే పంపండి.

కొరిటెపాడు_మాస్టారు:

బాబూ, నాకొక మాట చెప్పాలనిపించింది. ఇంత ఖర్చు పెట్టి పంపే బదులు ఇక్కడే ఉంచొచ్చు కదా. మీ మావయ్యగారికి గోడౌన్ ఉంది అన్నావు. 2042కి ఆ బండికి 50 ఏళ్లు నిండితే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తది, 2021లో రూల్స్ వచ్చాయి, వీఏ అని ప్రత్యేకం నంబరు ఇస్తారు. అంబాసిడర్ ఉత్తరపారాలో 2014లో ఆపేశారు, ఇంక కొత్తవి రావు. ఉన్నవి కూడా సముద్రాలు దాటిపోతే మన పిల్లలకి చూపించడానికి ఏం మిగులుద్ది. నాన్నగారు కూడా వారానికొకసారైనా వెళ్లి స్టార్ట్ చేసి కూర్చోవచ్చు.

బ్రాడీపేట_నాలుగో_లైను:

మాస్టారూ మీరు చెప్పింది ఇంట్లో కూడా అనుకున్నామండి. మావయ్య వాళ్లు కూడా ఆ గోడౌన్ అమ్మకానికి పెట్టారు, అదీ సంగతి. నాన్నని నేరుగా అడిగాను, నీకేం కావాలి అని. నడిచే బండి నడవాలిరా, గోతం కింద వద్దు అన్నారు. అన్నయ్య దగ్గరికి వాళ్లు ఎలాగూ ప్రతి ఏడాదీ వెళ్తారు, అక్కడ నడుపుతాను అంటున్నారు. కాబట్టి పంపడానికే డిసైడ్ అయ్యాం. పాత గేర్‌బాక్స్ కూడా గోడౌన్‌లోనే దొరికింది, ఇంజన్ బ్లాక్ నంబర్ పాత ఆర్‌సీ బుక్కులో ఉన్నదే.

హ్యూస్టన్‌లో రిజిస్ట్రేషన్ సంగతి ఎవరన్నా చెప్తారా?

తెనాలి_టు_డాలస్:

గేర్‌బాక్స్ కూడా ఉందా, చాలా సంతోషం అండి, నిజంగా.

టెక్సస్‌లో పర్లేదు. కుడి స్టీరింగ్‌తో ఇబ్బంది లేదు. 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటేటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, హ్యూస్టన్ చుట్టుపక్కల పొల్యూషన్ టెస్ట్ ఉంది కానీ అది పాతికేళ్లు దాటిన బండ్లకి లేదు. 25 ఏళ్లు దాటినవాటికి యాంటిక్ ప్లేట్లు ఇస్తారు, కాకపోతే వాటితో రోజూ ఆఫీసుకి తిప్పకూడదు, ప్రదర్శనలు, పరేడ్‌లు, క్లబ్ ప్రోగ్రాములు అలాంటి వాటికే. నాన్నగారు బజారుకి కూడా తీసుకెళ్తానంటే మామూలు ప్లేట్లే తీసుకోండి. టైటిల్ (బండి ఎవరిదో చూపించే పత్రం) కోసం వెళ్లేటప్పుడు కస్టమ్స్ ఎంట్రీ కాగితం 7501, హెచ్‌ఎస్-7 కాపీ, ఒరిజినల్ ఆర్‌సీ, గిఫ్ట్ డీడ్ అన్నీ అడుగుతారు, బ్రోకర్ దగ్గర నుంచి ముద్ర పడిన కాపీలు మర్చిపోకుండా తీసుకోమనండి, ఏడాది తర్వాత అడిగితే వాళ్లు వెతికి ఇవ్వరు. ఇదే కాలిఫోర్నియా అయితే వేరే కథ, అక్కడి రాష్ట్రం రూల్స్ వేరు. మీ అన్నయ్య ఉద్యోగం మారి అటు వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోమనండి.

పటమట_డీజిల్_షెడ్:

ఇంజన్ ఎక్కించేటప్పుడు పాత బోల్టులు, బ్రాకెట్లు అన్నీ ఒక డబ్బాలో వేసి లేబుల్ రాయించండి. ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టులు, క్లచ్ ప్లేటు, బ్రేక్ సిలిండర్ కిట్లు, హెడ్ గ్యాస్కెట్ రెండు జతలు కొనిపెట్టండి, పోర్టు వారు చెప్పినట్టు విడిగా లిస్ట్ రాసి పంపండి. లిస్టు కావాలంటే నేను రాసిస్తాను, బండి చూడకుండా మాత్రం రాయను, ఒకసారి ఆటోనగర్ తీసుకురండి. ఆదివారం షెడ్డు ఉండదు.

అరండల్‌పేట_బుల్లెట్:

ఇదంతా చదివాక నాకూ ఆశ పుట్టింది, నా దగ్గర 1989 బుల్లెట్ 350 ఉంది, చెల్లి అట్లాంటాలో ఉంది. బైకులకి కూడా ఇవే రూల్సా?

తెనాలి_టు_డాలస్:

25 ఏళ్లు, 21 ఏళ్లు, ఒరిజినల్ ఇంజన్, మట్టి, చెక్క ముద్ర అన్నీ అవేనండి. డ్యూటీ మాత్రం ఇంకా తేలిక, 700 సీసీ లోపు బైకులకి మామూలు డ్యూటీ సున్నా, అది దాటితే 2.4 శాతం. దేశాల వారీ అదనపు టారిఫ్ ఆ రోజుకి ఏముందో బ్రోకర్‌ని అడగాలి, కార్లకి ఉన్న 25 ఏళ్ల మినహాయింపు కోడ్ కార్లకే, బైక్‌కి అదే వర్తిస్తుందని అనుకోవద్దు. సైలెన్సర్, కార్బురేటర్ మార్చి ఉంటే ముందు ఒరిజినల్‌వి వెతికి పెట్టుకోండి.